పచ్చిగింజ, ఎండుగింజ: విత్తనాలు ఏరే పని గురించి

విత్తనాలు ఏరడం చాలామందికి ఒక పనిగా అనిపించదు. వంగి, కింద పడినవాటిని సంచిలో వేసుకోవడమే కదా అంటారు. పోయిన వేసవి సెలవుల్లో మరక్కాణం వైపు, బీడుపడిన నేలను మళ్ళీ అడవిగా మార్చే ఒక బృందంతో కలిసి నేను ఆ పని చేశాను. ఇందులో వృక్షశాస్త్రం కొంత ఉంది, లెక్క కొంత ఉంది, అనుకోనంత తెలుగు ఉంది. అందుకే ఈ వ్యాసాన్ని బోటనీ వాళ్ళ గోడ మీద కాకుండా మన గోడ మీద పెడుతున్నాను.

ముందు ఏ అడవి సంగతి మాట్లాడుతున్నామో చెప్పాలి. విశాఖపట్నం నుంచి రామనాథపురం దాకా సముద్రాన్ని ఆనుకుని సన్నటి పట్టీలాగా ఒక రకం అడవి ఉండేది. పొడి సతతహరిత అరణ్యం అని పుస్తకాల్లో రాస్తారు. పేరులోనే వింత ఉంది చూడండి. వానలు తక్కువ, ఏడాదిలో సగం పైగా ఎండ, అయినా ఆకు రాల్చదు. చెట్లు పెద్ద ఎత్తు పెరగవు, ఆకులు దళసరిగా, మెరుస్తూ ఉంటాయి. పాల, అల్లి, నేరేడు, ముషిణి, ఇండుప లాంటివి ఇందులోవే. ఇప్పుడది ముక్కలు ముక్కలుగా మిగిలింది. పెద్ద ముక్కల్లో ఒకటి శ్రీహరికోటలో ఉంది. అక్కడ తరతరాలుగా ఉన్న యానాదులకి ఆ మొక్కల మీద ఉన్న తెలివిడి అందరూ ఒప్పుకున్నదే. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ళు ఊళ్ళు వదిలి రావలసి వచ్చింది, అడవి మాత్రం మిగిలింది. తమిళనాడు వైపు మిగిలిన తునకలు చాలావరకు దేవుడి పేరు మీద మిగిలాయి. వాటిని కోయిల్ కాడు అంటారు. పాండిచ్చేరి దగ్గర పుత్తుపట్టు అయ్యనార్ గుడి చుట్టూ ఉన్న తోపు అలాంటిదే.

ఆ తునకలు ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవాలంటే ఆరోవిల్ కథ చూడాలి. 1968లో అది మొదలయ్యేనాటికి అక్కడి ఎర్రమట్టి దిబ్బ దాదాపు బోడిగా ఉండేది. వాన పడితే మట్టి సముద్రంలోకి కొట్టుకుపోయేది. అక్కడివాళ్ళు మొదట చేసిన పని కట్టలు వెయ్యడం, నీళ్ళని నిలబెట్టడం. ఆ తర్వాత నీడ కోసం త్వరగా పెరిగే ఆస్ట్రేలియా తుమ్మ లాంటి బయటి చెట్లు పెట్టారు. ఆ నీడలో ఈ నేల చెట్లు తెచ్చి నాటారు. సరే, ఆ చెట్ల గింజలు ఎక్కడ దొరికాయి? నర్సరీలో అమ్మేవి కావు, విత్తనాల కొట్లో ఉండేవి కావు. తోపుల్లో, మిగిలిన అడవి తునకల్లో తల్లిచెట్లు ఉంటేనే దొరుకుతాయి. కట్ట వెయ్యడానికి కూలి ఇస్తే మనుషులు దొరుకుతారు, గుంటకి మట్టి దొరుకుతుంది. తల్లిచెట్టు పోతే మాత్రం దానికి బదులు ఏదీ లేదు.

ఇక పని సంగతి. తోపులోకి వెళ్ళగానే ఏరడం మొదలుపెట్టకూడదు. ముందు గుడి పెద్దల్ని అడగాలి. కొన్ని తోపుల్లో పుల్ల విరిచినా ఒప్పుకోరు. అక్కడ కిందపడినవాటితోనే సరిపెట్టుకోవాలి, అదీ వాళ్ళు ఒప్పుకుంటేనే. ఆ తర్వాత గింజ ముదిరిందో లేదో చూడాలి. పది గింజలు తీసి కత్తితో అడ్డంగా కోస్తారు. లోపల పప్పు తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటే ఆ చెట్టు సిద్ధమైనట్టు. నీళ్ళుగా ఉంటే ఇంకో వారం ఆగాలి. తొర్ర ఉంటే పురుగు మనకంటే ముందు వచ్చిందన్నమాట. పైకి చూస్తే రెండూ ఒకేలా నిగనిగలాడుతుంటాయి, కొయ్యకపోతే తెలియదు.

ఎంత ఏరాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. ఆరోజు చెట్టు మీద ముదిరి ఉన్న గింజల్లో ఐదో వంతుకి మించి తీసుకోకూడదని విత్తన బ్యాంకుల వాళ్ళు పాటించే నియమం. మిగతాది పక్షులకి, చీమలకి, ఆ తోపుకి. వీలైతే 50 చెట్ల నుంచి తియ్యమని కూడా అంటారు. చిన్న తోపులో ఒక జాతివి 50 చెట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఉన్నన్నింటి నుంచీ కొంచెం కొంచెం తీసుకుని, ఎన్ని చెట్లో కాగితం మీద రాసిపెట్టడమే దారి. ఇదంతా ఎందుకంటే, ఒకే చెట్టు గింజలతో వెయ్యి మొక్కలు పెంచితే అవన్నీ ఒక తల్లి పిల్లలు. రేపు వాటిలో వాటికి పుట్టేవి సత్తువ లేనివి అవుతాయి. గుడి ముందు బాగా కాసిన చెట్టు ఒకటి కనబడితే గోతాం అక్కడే నింపెయ్యాలనిపిస్తుంది. అలా నింపనివ్వరు.

ఏరినవాటిని ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమర్చి బూజు పడతాయి. అందుకే గుడ్డ సంచి, లేకపోతే కాగితం పొట్లం.

ఇప్పుడు అసలు పాఠం. విత్తనాలు రెండు రకాలు. కొన్నింటిని ఎండబెట్టి దాచుకోవచ్చు. కొన్ని ఎండితే చచ్చిపోతాయి. 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త మొదటివాటికి ఆర్థోడాక్స్ అని, రెండోవాటికి రికాల్సిట్రెంట్ అని పేర్లు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే ఆచారం తప్పనివీ, మాట విననివీ! శాస్త్రవేత్తలు కూడా అత్తగార్లలాగా పేర్లు పెడతారని నాకు అప్పుడే తెలిసింది. మా బృందంలో వాటిని ఎండుగింజ, పచ్చిగింజ అనేవాళ్ళు. నాకు ఆ పేర్లే బాగున్నాయి.

ఎండుగింజకి ఉదాహరణలు మనింట్లోనే ఉన్నాయి. కుంకుడు, రేల, గురివింద, గచ్చకాయ. గచ్చకాయలాట ఆడినవాళ్ళకి ఆ గింజ ఎంత గట్టిదో చెప్పనక్కర్లేదు. సముద్రంలో పడినా నీళ్ళు లోపలికి పోవు. తేలుతూ తేలుతూ ఐరోపా ఒడ్డుల దాకా కొట్టుకుపోయిన గచ్చకాయలున్నాయి. ఆ గట్టితనమే దాచుకోవడానికి వరం, మొలకెత్తడానికి అడ్డు. అందుకని ఇలాంటివాటిని నాటేముందు గరుకు రాయి మీద ఒక పక్క అరగదీస్తారు, లేదా కాగిన నీళ్ళు పొయ్యి మీద నుంచి దించి, అందులో వేసి, ఒక రాత్రి వదిలేస్తారు. పొద్దునకి ఉబ్బినవి వేరు చేసి నాటి, ఉబ్బనివాటికి మళ్ళీ అదే వైద్యం.

ఎండుగింజని ఎంత పొడిగా, ఎంత చల్లగా ఉంచితే అంత కాలం బతుకుతుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, దాచినచోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినా ఆయుష్షు రెండింతలవుతుందని హారింగ్టన్ అనే ఆయన వేసిన లెక్క. మన అవ్వలు ఆనపకాయ బుర్రలో గింజలు పోసి, బూడిద కలిపి, మూతి బిగించి, చల్లటి మూల పెట్టింది కూడా ఇందుకే.

పచ్చిగింజ సంగతి వేరు. నేరేడు తీసుకోండి. పండు తిని గింజని ఎండలో పడేస్తే రెండు మూడు వారాల్లో దాని పని అయిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు. ఏరిన రోజో, మర్నాడో గుజ్జు కడిగి మట్టిలో పెట్టాలి. అలా పెడితే మాత్రం మంచి బహుమానం ఇస్తుంది, ఒక్కో గింజలోంచి ఒకటికి మించి మొలకలు వస్తాయి. మామిడి, పనస కూడా ఈ జాతే. వేప పూర్తిగా పచ్చిగింజ కాదు కానీ మామూలుగా వదిలేస్తే ఎక్కువ కాలం ఆగదు. పండు పసుపు తిరిగేటప్పుడే కోసి, గుజ్జు తీసి, నీడన ఆరబెట్టి, తొందరగా నాటెయ్యాలి.

ఇక్కడ నాకు ఒక ఆనవాలు దొరికింది. మన మాటల్లో గింజ, పిక్క, టెంక, జీడి అని ఇన్ని ఉన్నాయి కదా. మామిడి టెంక, మామిడి జీడి, పనస పిక్క, నేరేడు పిక్క. గుజ్జు మధ్య తడిగా ఉండేదాన్ని పిక్క, టెంక అంటాం. గాదెలో పోసేదాన్ని, చేతిలో గలగలలాడేదాన్ని గింజ అంటాం. దీన్ని నియమం అనుకోకండి. చింతపిక్క పిక్కే అయినా ఎండి, ఏళ్ళకేళ్ళు గట్టిగా ఉంటుంది. అయినా కొత్త పండు చేతికొచ్చినప్పుడు ముసలివాళ్ళు దాని లోపలిదాన్ని ఏమంటారో అడిగితే సగం పాఠం అక్కడే అందుతుంది.

తాటి సంగతి ఈ రెంటికీ అందదు. టెంక నేల మీద ఉంటుంది, మొలక మాత్రం ఒక గొట్టంలాగా లోపలికి దిగి, పిల్లమొక్కని భూమి అడుగున పెడుతుంది. పాతరేసిన టెంకల్ని తవ్వి మనం తినే తేగ అదే. టెంక పగలగొడితే దొరికే బుర్రగుంజు ఆ మొలక కోసం దాచిన అన్నం. మొదటే వేరు అంత లోతుకి పోతుంది కాబట్టి తాటిని సంచిలో పెంచి తెచ్చి నాటడం కష్టం. ఎక్కడ కావాలో అక్కడే టెంక పాతాలి. చెరువుకట్టల మీద వరసగా తాళ్ళు కనిపిస్తే అవి అట్లా వచ్చినవే.

ఇంత చెప్పాక మన కాలేజీల్లో జరిగే రెండు విషయాల మీద నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను. ఒకటి విత్తన బంతులు. మట్టి, పేడ కలిపి, మధ్యలో గింజ పెట్టి, ఎండబెట్టి, బస్సు కిటికీలోంచి విసురుతారు. ఫోటోకి బాగుంటుంది. అందులో నేరేడు గింజ పెడితే ఎండబెట్టినప్పుడే చచ్చిపోతుంది. రేల గింజ పెడితే అరగదియ్యలేదు కాబట్టి ఆ వానకి మొలవకపోవచ్చు. బోడినేల మీద పడినవాటిలో చాలావాటిని ఎండ, చీమలు, మేకలు చూసుకుంటాయి. బంతి చెయ్యడం తప్పని అనను. ఏ గింజ, ఏ నేల, ఏ నెల అని అడగకుండా చెయ్యడం దండగ అంటాను.

రెండోది వనమహోత్సవం. 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టినది, జూలై మొదటి వారంలో చేస్తారు. నైరుతి వానలు కురిసే చోట్లకి అది సరైన నెల. మన తీరానికి సగానికి పైగా వాన ఐప్పసి, కార్తీక మాసాల్లో వస్తుంది. జూలైలో నాటిన మొక్కకి ఆడి గాలి, ఆవణి ఎండ రెండూ తగులుతాయి. రోజూ నీళ్ళు పొయ్యకపోతే దసరాకి పుల్ల మిగులుతుంది. ఈ ఒడ్డున జూలై అంటే గింజ ఏరే నెల. వేసవి చివర నుంచి నేరేడు, వేప పండుతాయి. అప్పుడు ఏరి, నారు పోసి, ఐప్పసి వానకి గుంటలో పెట్టాలి. నెమ్మదిగా పెరిగేవాటిని మరుసటి ఐప్పసి దాకా నర్సరీలో ఉంచాలి. జూలైలో మనం మొక్కలు నాటే బదులు కుండీల్లో నారు పోస్తే ఆ పండగ మన నేలకి సరిపోతుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. ఏరిన ప్రతి పొట్లంలోనూ ఒక చీటీ పెడతారు. తేదీ, ఊరు, నేల రంగు, ఎన్ని చెట్లు, పక్కన ఏ చెట్లున్నాయి, చెట్టు పేరు. పేరు దగ్గరే చిక్కు. అక్కడి బృందంలో తమిళం మాట్లాడేవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కలిసి ఉంటారు. తెలుగు ఇంటావిడ 'అల్లి' అంటే నీలం పూలు గుత్తులుగా పూసే చిన్న చెట్టు, దాని ఆకులోంచి పసుపురంగు తీస్తారు. తమిళంలో అల్లి అంటే కలువ. చీటీలో అల్లి అని రాసి పంపితే చెరువులోదా, తోపులోదా? ఆ చెట్టుని తమిళంలో కాశా అంటారు. అలాగే మన పాల వాళ్ళ పాలై ఒకటే చెట్టు. కానీ వెట్పాలై అంటే అది వేరు, మన అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు ఆ కర్రతోనే చేస్తారు. పాల గింజ పండులో ఉంటుంది. అంకుడు గింజ పొడుగాటి జంటకాయలో దూదితో ఉంటుంది, కాయ పగిలిందంటే గాలికి పోతుంది, కాబట్టి పగలకముందే కొయ్యాలి. పేరు తప్పితే పద్ధతి తప్పుతుంది, ఒక ఏడాది పోతుంది. శాస్త్రీయ నామం రాస్తే సరిపోదా అని అడగొచ్చు. రాస్తారు కూడా. కానీ ఆ చెట్టు ఎక్కడుందో చెప్పే అరవై ఏళ్ళ మేకల కాపరికి లాటిన్ రాదు. ఆమెకి వచ్చిన పేరు మనకి రాకపోతే, చెట్టు ఇంకా నిలబడి ఉన్నా మనం అక్కడికి చేరలేం.

తమిళనాట మన ఇళ్ళలో ఇప్పుడు చెట్ల పేర్లు ముందుగా జారిపోతున్నాయి. వంటమాటలు, వరసలు ఇంకా తెలుగులో ఉన్నాయి. ఇండుపగింజని 'తేత్తాన్ కొట్టై' అనే అంటున్నాం. బురదనీళ్ళు తేర్చడానికి కుండలో అరగదీసే గింజ అని తెలిసిన అవ్వలు ఉన్నారు, అడిగేవాళ్ళు తగ్గారు.

తెలుగు శాఖ గది బయట ఒక చార్టు అంటించాం. అందులో 20 చెట్ల ఆకు, కాయ బొమ్మలు వేసి, తమిళం పేరు రాశాం. పక్కన రెండు గడులు ఉన్నాయి. ఒకదాంట్లో మీ ఇంట్లో ఆ చెట్టుని ఏమంటారో రాయండి, రెండోదాంట్లో మీకు తెలిసిన తల్లిచెట్టు ఏ ఊళ్ళో, ఏ గుడి దగ్గర ఉందో రాయండి. ఒకే చెట్టుకి హోసూరు వాళ్ళు ఒకటి, గుమ్మిడిపూండి వాళ్ళు ఒకటి చెబితే రెండూ ఉంచండి, కొట్టెయ్యకండి. ఆడి నెల మొదటి ఆదివారం ఏరడానికి వెళ్ళేవాళ్ళు గుడ్డ సంచి, చిన్న కత్తి, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు, చీటీ తడిస్తే సిరా పోతుంది.