దీవిలో కాపురం, దీర్ఘకాలపు మందు

అండమాన్‌కు బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో మొదట పిల్లల బడి గురించి, క్వార్టర్సు గురించి, సామాను ఓడలో పంపడం గురించి మాట్లాడుకుంటారు. ఆ ఇంట్లో ఎవరికైనా రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, సోరియాసిస్ వంటి ఆటోఇమ్యూన్ వ్యాధి ఉంటే ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాలి. వాడుతున్న మందు గురించి ఇంట్లో వాళ్లకు ఎంత తెలుసు? హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటే అనుమానం వచ్చిన సాయంత్రమే డాక్టరు దగ్గరకు పరుగెత్తవచ్చు. శ్రీ విజయపురం (నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్) నుంచి విశాఖ సముద్రం మీద పన్నెండు వందల కిలోమీటర్ల దూరం. ఓడలో దాదాపు మూడు రోజులు. జి.బి.పంత్ ఆసుపత్రి, అత్యవసర వైద్యం ఇక్కడ ఉన్నా, కీళ్లవాత నిపుణుల కోసం చాలా కుటుంబాలు ఏడాదికి రెండు మూడుసార్లు సముద్రం దాటుతూనే ఉంటాయి. ఆ రెండు ప్రయాణాల మధ్య రోగిని కనిపెట్టుకుని ఉండేది ఇంట్లోవాళ్లే.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఈ వ్యాసం బదిలీ మీద వచ్చిన మన కుటుంబాలతో పాటు, ఎప్పటినుంచో ఇక్కడ స్థిరపడిన మన ఖాతాదారుల ఇళ్లకూ పనికొస్తుందని ఆశ.

అసలు జరిగేది ఏమిటి?

మన బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి. మేకర్, చెకర్ పద్ధతి మనకు కొత్త కాదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. క్రిములను చంపే కణాలు ఒకవైపు, ‘ఇది మన ఇంటి కణమే, వదిలెయ్’ అని ఆపే ఏర్పాట్లు మరోవైపు. ఆపేవి పని తప్పితే సైన్యం సొంత శరీరం మీదే పడుతుంది. కీళ్ల పొర మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, చర్మం మీద పడితే సోరియాసిస్, థైరాయిడ్ మీద పడితే హషిమోటో. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, రక్తం అని చూడకుండా ఎక్కడైనా దెబ్బతీసేది లూపస్. వంశపారంపర్యం, హార్మోన్లు, ఇన్ఫెక్షన్లు, పొగతాగడం వంటివన్నీ కలిస్తే ఇది మొదలవుతుంది. వీటిలో చాలా జబ్బులు ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఇక్కడే ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. ‘ఇమ్యూనిటీ తగ్గింది, పెంచుకోవాలి’ అని బంధువులు ఏవేవో కషాయాలు పంపుతారు. ఈ జబ్బుల్లో ఇమ్యూనిటీ తగ్గలేదు, దారి తప్పింది. కరోనా రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడి కాలేయం దెబ్బతిన్నవారి వివరాలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. కొందరిలో అది ఆటోఇమ్యూన్ తరహా దెబ్బే. అండమాన్‌లో నోని పండు బాగా పండుతుంది, దాని రసం కీళ్లనొప్పులకు మంచిదని అమ్ముతారు. నోని రసం తాగి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికలకెక్కాయి. మామూలు మనిషి సంగతి ఎలా ఉన్నా, కాలేయం మీద భారం వేసే మందు వాడుతున్నవారు దీని జోలికి పోకపోవడమే మేలు. ఇక పేరూ ఊరూ లేని కీళ్లనొప్పుల పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం వైద్యులందరికీ తెలిసిన మోసమే. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి.

భీమవరం బిడ్డ చేతి మందు

ఈ జబ్బుల్లో అందరికంటే ఎక్కువగా వినపడే మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడున్నాడని చాలామందికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. తరువాత ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే పదార్థాలను చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1951లో ఈ కోవ మందును కీళ్లవాతం, సోరియాసిస్ రోగులకు ఇచ్చి చూశారు. అయినా కీళ్లవాతానికి అమెరికా ప్రభుత్వ అనుమతి 1988లో గానీ రాలేదు. సుబ్బారావు 1948 ఆగస్టులోనే కన్నుమూశారు.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ‘కేన్సర్ మందు మా అమ్మకెందుకు?’ అని భయపడి మానేసేవారు ఎక్కువ. కేన్సర్‌కు వాడే మోతాదుతో పోలిస్తే కీళ్లవాతానికి ఇచ్చేది చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే. మందు ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి నోటిపూత, వికారం వంటి ఇబ్బందులు తగ్గడానికి అదే ఫోలిక్ యాసిడ్ మాత్ర విడిగా ఇస్తారు. తాళం చేసినచోటే తాళంచెవీ దొరికిందన్నమాట. డాక్టరు ఏ రోజు వేసుకోమంటే ఆ రోజే వేసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వారపు మాత్రను రోజూ వేసుకోవడం. ప్రపంచమంతటా దీనివల్ల ప్రాణాలు పోయాయి. వరుసగా కొద్ది రోజులు వేసుకున్నా నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ కమ్ముకుంటుంది. మనకు ఓడీ అంటే ఓవర్‌డ్రాఫ్ట్. మందుల చీటీలో ఓడీ అంటే రోజుకు ఒకసారి, ఓడబ్ల్యూ అంటే వారానికి ఒకసారి. ఒక్క అక్షరం తేడా. చీటీ తీసుకున్న వెంటనే ‘ఏ వారం, ఎన్ని మాత్రలు’ అని డాక్టరు చేతనే తెలుగులోనో హిందీలోనో రాయించుకోండి. పెట్టె మీద ‘బుధవారం మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాసి, పెద్దవాళ్ల రోజువారీ బీపీ, షుగరు మాత్రల డబ్బాకు దూరంగా పెట్టండి. రెండున్నర మిల్లీగ్రాముల మాత్రకు బదులు దుకాణంవాడు పది మిల్లీగ్రాములది ఇచ్చినా తెలియకపోవచ్చు. కొన్న ప్రతిసారీ అంకె చూడండి. డినామినేషన్ చూడకుండా నోట్లు తీసుకునే అలవాటు మన ఇళ్లలో ఎలాగూ ఉండదు కదా.

మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తరువాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. ఇవి దీవిలోనే చేయించి, ఫలితం ఫోనులో డాక్టరుకు పంపవచ్చు. ఒంట్లో బాగానే ఉందని పరీక్ష ఎగ్గొడితే లాభం లేదు. కాలేయం దెబ్బ మొదట్లో పైకి కనపడదు. మద్యం మానాలి. విడవని పొడిదగ్గు, ఆయాసం, జ్వరంతో నోటిపూత వస్తే తదుపరి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రంలో మంటకు, దగ్గుకు సులభంగా ఇచ్చే సెప్ట్రాన్ (కోట్రైమాక్సజోల్) మాత్ర మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా వాడుతున్న మందుల పేర్లన్నీ ముందే చెప్పాలి. గర్భం దాల్చాలనుకునే దంపతులు, భార్య ఈ మందు వాడుతుంటే, ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. ఇది గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది.

స్టెరాయిడ్: దేవుడూ కాదు, దెయ్యమూ కాదు

సుబ్బారావు పోయిన ఆరు వారాలకు, 1948 సెప్టెంబరు 21న, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదలలేని ఒక మహిళకు తరువాత కార్టిజోన్ అని పేరు పొందిన మందును ఇంజెక్షనుగా ఇచ్చింది. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో నోబెల్ బహుమతీ వచ్చింది. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు పెళుసెక్కడం కూడా ఆ వెంటనే తెలిసొచ్చాయి. నేడు ప్రెడ్నిసోలోన్‌ను మంటను త్వరగా ఆర్పడానికి వాడి, మిగతా మందులు పని మొదలుపెట్టగానే మెల్లగా తగ్గిస్తారు. మెథోట్రెక్సేట్ ప్రభావం చూపడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది మరి.

‘మెల్లగా’ అన్నమాట దీవుల్లో చాలా విలువైనది. మూడు వారాలకు మించి స్టెరాయిడ్ వాడితే మన అడ్రినల్ గ్రంథులు సొంత హార్మోను తయారీ తగ్గించేస్తాయి. మాత్ర హఠాత్తుగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. వర్షాకాలంలో ఓడలు ఆగిపోతే కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల అనుకున్న మాత్ర అనుకున్న రోజుకు అందకపోవచ్చు. నెలకు సరిపడా కాకుండా కనీసం రెండు మూడు వారాల అదనపు నిల్వ ఎప్పుడూ ఉంచుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా ఇంజెక్షను కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

స్టెరాయిడ్ ఉదయం, తిన్న తరువాత వేసుకుంటే నిద్ర చెడకుండా ఉంటుంది. కాల్షియం, విటమిన్ డి ఇస్తే మానకూడదు. ఇంకో సంగతి, తడినేల మీద చెప్పుల్లేకుండా నడిచేవారి కాలి చర్మం గుండా స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు లోపలికి చేరి ఏళ్లతరబడి మౌనంగా ఉంటుంది. స్టెరాయిడ్ మొదలయ్యాక అది ఒళ్లంతా వ్యాపించవచ్చు. వానలు మెండుగా ఉన్న ఈ దీవుల్లో పెరిగినవారు స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడే ముందు దీని గురించి డాక్టరును అడగాలి.

పెళ్లిళ్లలో ‘ఒళ్లు చేశావే’ అనే పలకరింపు గురించి కూడా ఒక మాట. ముఖం ఉబ్బింది మందువల్ల. ఆ మాట భరించలేక మాత్ర మానేసిన ఆడపిల్లలు ఉన్నారు, మానితే వచ్చే ప్రమాదం పైన చెప్పుకున్నాం. ఇంట్లోవాళ్లే ముందుగా అడ్డుపడి ఆ సంభాషణ మార్చాలి. అలాగే పొద్దున్నే గంటసేపు చేతివేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోలేని కోడలిది బద్ధకం కాదు. కీళ్లవాతం లక్షణమే అది.

మలేరియా మాత్ర, దీవి ఎండ

హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబం నుంచి వచ్చింది. మెపాక్రిన్ అనే మలేరియా మందు లూపస్ దద్దుర్లకు పనిచేస్తుందని 1951లో ఇంగ్లండులో ప్రచురితమైంది. అలాంటిదే మరింత సురక్షితమైనది 1950ల మధ్యలో అందుబాటులోకి వచ్చింది. 2020 మార్చిలో కరోనాకు వాడతారని వార్త పుట్టగానే ఇది దుకాణాల్లో దొరకక లూపస్ రోగులు ఇబ్బందిపడ్డారు. దీన్ని గర్భిణులు కూడా కొనసాగించవచ్చు, మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదమే ఎక్కువ. ఎక్కువ కాలం వాడినప్పుడు కంటి రెటీనా దెబ్బతినవచ్చు. అందుకే రోజుకు కిలో బరువుకు ఐదు మిల్లీగ్రాములు దాటనివ్వరు. మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తరువాత ఏటా కంటి పరీక్ష ఉండాలి.

లూపస్‌కు ఎండ శత్రువు. గడియారం దేశమంతా ఒకటే గానీ సూర్యుడికి ఆ సంగతి తెలియదు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు పన్నెండుంబావుకు. శ్రీ విజయపురంలో పదకొండుంబావు దాటగానే. అంటే ‘పది నుంచి నాలుగు వరకు ఎండలో తిరగవద్దు’ అన్న సలహా ఇక్కడ ‘తొమ్మిది నుంచి మూడు’ అవుతుంది. సముద్రపు నీటి మీద, తెల్లని ఇసుక మీద పడి తిరిగి వచ్చే కిరణాలకు గొడుగు అడ్డురాదు. పొడవు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ కావాలి.

జ్వరాన్ని ఇక్కడ తేలికగా తీసుకోకూడదు. అండమాన్‌లో రక్తస్రావంతో కూడిన జ్వరంగా ఒకప్పుడు భయపెట్టినది లెప్టోస్పైరోసిస్ అని ఇక్కడి ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం వెలుగులోకి తెచ్చింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదనీటి నుంచి అది సోకుతుంది. ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవారు వరినాట్ల బురదలో, నిలిచిన వాననీటిలో దిగకూడదు. జ్వరం వస్తే ‘ఆటోఇమ్యూన్ జబ్బే పెరిగిందేమో’ అని సొంతంగా స్టెరాయిడ్ పెంచుకోకూడదు.

ఇంజెక్షన్లు, సంచి, బిల్లులు

పై మందులు చాలకపోతే అడలిముమాబ్ వంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇస్తారు. 2014లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ మన దేశంలో దీని బయోసిమిలర్‌ను తెచ్చాక ధర బాగా తగ్గింది. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి. నిద్రపోతున్న క్షయను ఇవి లేపగలవు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవచ్చు, బతికున్న క్రిములతో చేసిన టీకాలు వద్దు.

వైద్య బీమా విషయానికొస్తే, 2015 నాటి పదో ద్వైపాక్షిక ఒప్పందంతో వచ్చిన పథకంలో, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్సల జాబితాలో ఆర్థరైటిస్, సోరియాసిస్, అల్సరేటివ్ కొలైటిస్ వంటివి ఉన్నాయి. ఈ ఏడాది నిబంధనలు, పరిమితులు హెచ్ఆర్ విభాగంలో కనుక్కుని, చీటీలు, బిల్లులు, పరీక్షల కాగితాలు తేదీవారీగా ఒకే ఫైలులో పెట్టండి. దాని ఫొటోలు ఫోనులో ఉంటే చెన్నైలో దిగిన డాక్టరుకూ, ఇక్కడ అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకూ ఒకేసారి పనికొస్తాయి.

ఇంజెక్షన్లను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. విమానంలో సామానులో వేయకుండా చేతిసంచిలో, జెల్ ప్యాకులున్న పెట్టెలో పెట్టుకోండి. మందు మంచుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టాలి, గడ్డకడితే అది పనికిరాదు. డాక్టరు ఉత్తరం వెంట ఉంటే భద్రతా తనిఖీలో సిరంజి గురించి ప్రశ్నలు తక్కువ. ఇంటికి చేరాక ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా మధ్య అరలో పెట్టాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచాలి. చాలాసేపు పోయి ఉంటే, ఎంతసేపు పోయిందో రాసుకుని, ఆ ఇంజెక్షను వాడవచ్చో లేదో డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడిగాకే వాడాలి.