గేమ్ హీరోయిన్ మీద మనకి అంత ఇష్టం ఎందుకు? ఏరిత్ నుంచి గచా బ్యానర్ వరకు

మీ ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎవరున్నారు? ఫేవరెట్ హీరోనా, బైక్ ఫొటోనా, లేక ఏదైనా ఆర్పీజీ హీరోయినా? మూడోదే అయితే ఈ ఆర్టికల్ మీకోసమే. "బొమ్మ మీద అంత పిచ్చేంట్రా" అని ఇంట్లో అక్కో, కాలేజీలో ఫ్రెండో ఏదో ఒక రోజు అనే ఉంటారు. మీరు కూడా "డిజైన్ బాగుంది కదా" అని తప్పించుకునే ఉంటారు.

కానీ ఆ జవాబు సరిపోదు. డిజైన్ బాగున్న క్యారెక్టర్లు వేలల్లో ఉన్నాయి. మనసులో మిగిలేది మాత్రం ఒకరిద్దరే. ఎందుకంటే ఆ ఒకరిద్దరి కోసం మనం ఏదో ఒకటి చేశాం. టైమ్ పెట్టాం, నిర్ణయాలు తీసుకున్నాం, కొన్నిసార్లు పోగొట్టుకున్నాం. ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే మన ఇష్టం మనకే అర్థమవుతుంది. ఆ ఇష్టం మీద వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో కూడా కనిపిస్తుంది. ఈ రెండోది నేరుగా మన యూపీఐ బ్యాలెన్స్‌కి సంబంధించిన సంగతి.

స్పాయిలర్ హెచ్చరిక: ఫైనల్ ఫాంటసీ 7, నియర్ ఆటోమాటా కథల్లోని ముఖ్యమైన మలుపులు కింద ఉన్నాయి. ఇంకా ఆడనివాళ్లు ఆ రెండు భాగాలు వదిలేసి మిగతాది చదవండి.

సినిమా హీరోయిన్ వేరు, గేమ్ హీరోయిన్ వేరు

1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు రేడియో, టీవీల్లో కనిపించేవాళ్లతో ప్రేక్షకులకు ఏర్పడే బంధానికి 'పారాసోషల్' అని పేరు పెట్టారు. అంటే ఒకవైపు నుంచే నడిచే పరిచయం. మనకి ఆమె గురించి అంతా తెలుసు, ఆమెకి మనం ఎవరో తెలీదు. సినిమా హీరోయిన్ మీద అభిమానం ఇలాంటిదే. మనం థియేటర్లో ఎంత అరిచినా తెర మీద కథ ఒక్క ఫ్రేమ్ కూడా మారదు.

గేమ్‌లో ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడా ఆమె నిజం కాదు, మనకి ఆ సంగతి తెలుసు. కానీ మనం మందు ఇస్తే ఆమె హెల్త్ పెరుగుతుంది. తప్పు మాట ఎంచుకుంటే ముఖం తిప్పుకుంటుంది. మనం చేసే పనికి ఆమె దగ్గర నుంచి ఏదో ఒక రెస్పాన్స్ వస్తుంది. ఆ రెస్పాన్సే మొదటి ముడి.

మొదటి కారణం: మనం పెట్టిన టైమ్

2016లో జపాన్‌లో వచ్చిన పెర్సోనా 5 ఈ విషయంలో మంచి పాఠం. ఆ గేమ్ క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. స్కూల్ అయ్యాక ఒక పని, సాయంత్రం ఇంకో పని, అంతే. ఒకరితో గడిపితే ఇంకొకరితో గడిపే అవకాశం ఆ పూటకి పోయినట్టే. అందులో ఫుటాబా అనే అమ్మాయి తల్లి పోయాక గదిలోంచి బయటికి రావడమే మానేసి ఉంటుంది. మనం పూటలు ఖర్చుపెట్టి, ఆమె పక్కనే ఉండి, కొంచెం కొంచెంగా బయటి ప్రపంచానికి అలవాటు చేస్తాం. చివరికి ఆమె ధైర్యంగా నిలబడిన రోజు మనకి కలిగే సంతోషం రాత ఒక్కదాని వల్లే రాలేదు. ఆ పూటలు మనవి.

దీనికి సైకాలజీలో 'ఐకియా ఎఫెక్ట్' అని ఒక పేరుంది. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ ప్రచురించిన పేపర్ అది. జనం చేత పెట్టెలు బిగించించారు, కాగితం బొమ్మలు మడిపించారు. తాము చేసిన వంకర కాగితం బొమ్మకి కూడా వాళ్లు నిపుణులు చేసినదానికి దగ్గరగా విలువ కట్టారు. చేతులు పెట్టిన వస్తువు మీద మమకారం పెరుగుతుందన్నమాట. లెవెల్ 1 నుంచి 60 దాకా మీరు పెంచిన హీలర్ కూడా అలాంటిదే. ఆమె కత్తి, ఆమె కవచం, ఆమె స్కిల్ ట్రీ, అన్నిట్లోనూ మీ వేలిముద్రలు ఉన్నాయి.

రెండో కారణం: మనం తీసుకున్న నిర్ణయం

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆడారా? అందులో మన టీమ్‌లో ఉండేవాళ్లు మనం చేసే ప్రతి పనినీ గమనిస్తూ ఉంటారు. ఎవరికైనా సాయం చేస్తే ఒకరికి నచ్చుతుంది, ఇంకొకరికి నచ్చదు. ఆ సంగతి స్క్రీన్ మీద చిన్న లైన్‌గా కనిపిస్తుంది. షాడోహార్ట్ అనే క్యారెక్టర్ మొదట్లో మనతో సరిగ్గా మాట్లాడదు. తన మతం దాస్తుంది, తన దగ్గరున్న వస్తువు సంగతి దాస్తుంది. నమ్మకం పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ చెబుతుంది.

ఇక్కడ కిటుకు ఏంటంటే, గేమ్ ఆ రహస్యాన్ని అందరికీ ఒకేసారి కట్‌సీన్‌లో చెప్పేయలేదు. మన ప్రవర్తనని బట్టి చెప్పింది. అందుకే "నాకు చెప్పింది" అనిపిస్తుంది. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే గేమ్ ఆడి, ఒకే క్యారెక్టర్ గురించి గంటసేపు వాదించుకునేది కూడా ఇందుకే. వాళ్లిద్దరూ కలిసిన షాడోహార్ట్ ఒక్కరు కాదు.

మూడో కారణం: పోగొట్టుకోవడం

1997 జనవరి 31న జపాన్‌లో ప్లేస్టేషన్ మీద ఫైనల్ ఫాంటసీ 7 వచ్చింది. మూడు డిస్కుల గేమ్. మురికివాడలో పూలు అమ్ముకునే ఏరిత్ మొదటి డిస్క్‌లో చాలా భాగం మనతోనే ఉంటుంది. ఆ డిస్క్ ముగింపులో చనిపోతుంది. తిరిగి రాదు.

గేమ్‌లో ప్రాణం పోయడానికి ఫీనిక్స్ డౌన్ అనే ఐటమ్ ఉంది. అప్పటిదాకా యుద్ధంలో పడిపోయినవాళ్లని దానితోనే లేపాం. ఏరిత్‌కి అది పనిచేయదు. ఆమె స్పెషల్ పవర్స్‌లో ఎక్కువ భాగం టీమ్‌ని కాపాడేవే, గాయాలు మాన్పేవే. కాబట్టి ఆమె పోయాక కథలో ఒక ఖాళీ, టీమ్‌లో ఇంకో ఖాళీ. తర్వాతి బాస్ ఫైట్ కష్టమైనప్పుడు ఆమె లేదన్న సంగతి చేతికి తెలుస్తుంది. ఆ వెంటనే వచ్చే జెనోవా యుద్ధంలో మామూలు ఫైట్ మ్యూజిక్ రాదు. నొబుయో ఉయెమాత్సు ఆమె కోసం కట్టిన ట్యూనే కొనసాగుతుంది. బటన్లు నొక్కుతూనే దుఃఖపడాలి. ఆమెని బతికించే దారి ఎక్కడో దాచారని ఏళ్ల తరబడి ప్లేయర్లు వెతికారు. అలాంటి దారి ఆ గేమ్‌లో లేదు.

మనుషులకి వచ్చిన లాభం కన్నా పోయిన నష్టమే బరువుగా అనిపిస్తుందని 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్స్కీ రాశారు. ఏరిత్ కథ ఆ సూత్రానికి గేమ్ రూపం అనుకోవచ్చు.

ఆమెతో ఆడటమా, ఆమెగా ఆడటమా?

పైన చెప్పినవాళ్లంతా మన పక్కన నడిచే హీరోయిన్లు. ఇంకో రకం ఉంది, మనమే ఆమె. 2017లో వచ్చిన హొరైజన్ జీరో డాన్‌లో ఆలోయ్‌ని చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆడతాం. తెగ ఆమెని వెలివేసింది, తోటి పిల్లాడొకడు రాయి విసురుతాడు. ఆ రాయి మనకే తగిలినట్టుంటుంది.

"అబ్బాయివై ఉండి అమ్మాయి క్యారెక్టర్ తీసుకున్నావేంటి" అని వెక్కిరించేవాళ్లకి జవాబు కృష్ణా జిల్లాలోనే ఉంది. కంకిపాడులో బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు దాటి చల్లపల్లి రోడ్డు పడితే కూచిపూడి వస్తుంది. సిద్ధేంద్ర యోగి కూర్చాడని చెప్పే భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. తెర మీదుగా జడ వేసి, అందరికీ సవాల్ విసురుతూ వచ్చే సత్యభామ. ఆ వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మకి 1970లో పద్మశ్రీ వచ్చింది. లోపలున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. అయినా చూసేవాళ్లకి కనిపించింది సత్యభామే.

చూసేవాడికి పాత్ర మీద ఉండే ఇష్టం వేరు, వేషం కట్టినవాడిది వేరు. కట్టినవాడు ఆమె గర్వాన్నీ, అలకనీ, విరహాన్నీ తన ఒంటితో మోయాలి. కంట్రోలర్ పట్టుకున్న మనం చేసేది దాని చిన్న రూపం. ఇది మన ప్రవర్తనని కూడా కాస్త మారుస్తుంది. 2007లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ చేసిన ప్రయోగంలో, పొడుగాటి అవతార్ ఇచ్చినవాళ్లు బేరాల్లో ఎక్కువ ధైర్యం చూపించారు. ధైర్యం ఉన్న హీరోయిన్‌గా నలభై గంటలు ఆడితే ఆమె మీద గౌరవం పెరగడంలో వింతేముంది?

ఆమె ఉండేది సేవ్ ఫైల్‌లో

ఇంతకీ ఈ బంధం ఫోన్‌లో, కన్సోల్‌లో ఎక్కడ ఉంటుంది? సేవ్ డేటాలో. దీన్ని యోకో తారో డైరెక్ట్ చేసిన నియర్ ఆటోమాటా (2017) అందరికన్నా బాగా పట్టుకుంది. టూబీ అనే ఆండ్రాయిడ్ అమ్మాయి కథ అది. చివరి ముగింపులో గేమ్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఎవరో తెలియని ఇంకో ప్లేయర్‌కి సాయం చేయడానికి నీ సేవ్ డేటా మొత్తం వదులుకుంటావా? సరే అంటే నిజంగానే మన కళ్ల ముందే ఒక్కొక్కటీ చెరిపేస్తుంది. కొన్ని కేబీల ఫైల్ పోతుంటే చెయ్యి వణకడం ఏంటి? ఆ ఫైల్‌లో ఉన్నది మన గంటలు కాబట్టి.

అందుకే ఫోన్ మార్చేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆఫ్‌లైన్ గేమ్ సేవ్ ఫోన్‌లోనే ఉంటే, అన్‌ఇన్‌స్టాల్ చేసినా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా పోవచ్చు. క్లౌడ్ సేవ్ ఉందో లేదో గేమ్ సెట్టింగ్స్‌లో ముందే చూసుకోండి. జెన్షిన్ ఇంపాక్ట్ లాంటి ఆన్‌లైన్ గేమ్‌లో డేటా కంపెనీ సర్వర్‌లో, మీ అకౌంట్ కింద ఉంటుంది. ఏ రీజియన్ సర్వర్‌లో మొదలుపెట్టారో అక్కడే ఉండిపోతుంది, ఇంకో సర్వర్‌కి మార్చుకోలేరు. ఐడీ, పాస్‌వర్డ్ ఫ్రెండ్‌కి కూడా ఇవ్వొద్దు.

ఇక్కడే గచా వస్తుంది

ఏరిత్‌ని ఇష్టపడటానికి ఒక్కసారి గేమ్ కొంటే చాలు. గచా గేమ్‌లో వరస వేరు. 2020 సెప్టెంబర్ 28న వచ్చిన జెన్షిన్‌నే తీసుకుందాం. ముందు కథలో ఆమెని పరిచయం చేస్తారు. ట్రయల్‌లో మంచి ఆయుధాలతో ఆడనిస్తారు. అంటే టైమ్ అనే ముడి ఫ్రీగా వేశారు. బ్యానర్ మాత్రం సుమారు మూడు వారాలే ఉంటుంది. ఇప్పుడు 'పోగొట్టుకుంటానేమో' అనే భయం కూడా చేరింది. ఏరిత్ విషయంలో ఆ నష్టం కథ కోసం. ఇక్కడ అది క్యాలెండర్ మీద పెట్టిన గడువు.

లెక్క చూడండి. ఒక్కో విష్‌కి 160 ప్రైమోజెమ్స్. ఫైవ్ స్టార్ వచ్చే అసలు ఛాన్స్ 0.6%. 90 విష్‌లలోపు ఏదో ఒక ఫైవ్ స్టార్ గ్యారంటీ, కానీ అది మీరు కోరుకున్న ఆమె కాకపోవచ్చు. అప్పుడు తర్వాతి 90లో కచ్చితంగా వస్తుంది. అదృష్టం అస్సలు లేకపోతే 180 విష్‌లు, అంటే 28,800 ప్రైమోజెమ్స్. అన్నిటికన్నా పెద్ద ప్యాక్ 99.99 డాలర్లు, బోనస్‌తో కలిపి 8,080 ఇస్తుంది. మొదటి కొనుగోలుకి వచ్చే డబుల్ బోనస్ పక్కనపెట్టి, చేతిలో ఏమీ లేకుండా మొదలుపెడితే నాలుగు ప్యాకులు కావాలి. దాదాపు 400 డాలర్లు. ఆ డబ్బుకి మంచి మిడ్‌రేంజ్ ఫోన్ వస్తుంది. పైగా ఆమె పూర్తి బలం కావాలంటే ఇంకో ఆరుసార్లు ఆమే రావాలి.

ఓపిగ్గా ఆడేవాళ్లు ఫ్రీగా పోగేసుకున్న జెమ్స్‌తోనే నచ్చినవాళ్లని తెచ్చుకుంటారు, అది వేరే విషయం. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. బ్యానర్‌లో ఆమె రాకపోయినా కథలో ఆమెతో గడిపింది ఎక్కడికీ పోదు.

మీరే చెక్ చేసుకోండి

మీ ఫేవరెట్ హీరోయిన్‌ని మనసులో పెట్టుకుని ఈ నాలుగూ అడగండి:

1. ఆమె బొమ్మ చూపించకుండా ఆమె గురించి ఫ్రెండ్‌కి రెండు నిమిషాలు చెప్పగలరా? చెప్పగలిగితే మీకు నచ్చింది కథ.
2. ఆమె కోసం మీరు తీసుకున్న ఒక నిర్ణయం గుర్తుందా?
3. గడువు తేదీ లేకపోతే కూడా ఇవాళే డబ్బు పెట్టేవాళ్లా?
4. ఆ ఖర్చు ఎంతో ఇంట్లో అమ్మకి నోరు తెరిచి చెప్పగలరా?

మొదటి రెండిటికి అవును అంటే ఆ ఇష్టం మీరు సంపాదించుకున్నది, సిగ్గుపడక్కర్లేదు. చివరి రెండిటి దగ్గర నసిగితే గూగుల్ ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రతి కొనుగోలుకీ ఆథెంటికేషన్ ఆన్ చేయండి. నెలవారీ బడ్జెట్ కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే అది హెచ్చరిస్తుందే గానీ కొనకుండా ఆపదు. ఆపాల్సింది మనమే. బ్యానర్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. ఈ నెల పాకెట్ మనీ మాత్రం ఒక్కసారే వస్తుంది.