బాటలు కలిసే చోటు

నడిచే చోటుకు తెలుగులో పేర్లకు కొదవ లేదు. దారి, త్రోవ, బాట, డొంక, పుంత, కాలిదారి అన్నవి వాటిలో కొన్ని. ఇన్ని పేర్లు పుట్టాయంటే నడక మన జీవితంలో ఎంతగా కలిసిపోయి ఉండేదో ఊహించవచ్చు. నేడు సైబరాబాద్ అని పిలుస్తున్న ప్రాంతంలోని మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు వేర్వేరు గ్రామాలు. పొలాల నడుమ, చెరువు కట్టల మీద, బండరాళ్ళ ప్రక్కన సాగిన బాటలే వాటిని కలిపేవి. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఆ ప్రాంత స్వరూపం శీఘ్రంగా మారింది. వాహనాలకు విశాలమైన రహదారులు ఏర్పడ్డాయి. కాలిబాటలు మాత్రం ప్రహరీగోడల మధ్య తెగిపోయాయి.

తెగిన బాటలను తిరిగి అతికించే ప్రయత్నాలు జరగకపోలేదు. వాటిలో అందరికీ తెలిసినది బాహ్య వలయ రహదారి వెంబడి నిర్మించిన సైకిల్ బాట. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుండి కొల్లూరు వరకు మరొక భాగం కలిపి 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున నిర్మితమైన ఈ బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. దీనికి ప్రేరణ దక్షిణ కొరియాలో డేజాన్, సేజాంగ్ నగరాల నడుమ ఉన్న సైకిల్ దారి. బాటపై పరచిన సౌరఫలకాలు ఎండ నుండి నీడనిస్తూనే విద్యుత్తును ఉత్పత్తి చేసేటట్లు రూపొందించారు.

అయితే ఆ బాటను చేరుకునేదెట్లు? మెట్రో రైలు 2019 నవంబరు 29 నాటికి రాయదుర్గం వరకు వచ్చింది. అక్కడ దిగినవారు నానక్‌రామ్‌గూడ చేరాలంటే మధ్యనున్న కొద్ది కిలోమీటర్లను వాహనాల రద్దీలోనే దాటాలి. అందుచేత ఆదివారం ఉదయం కారు మీద సైకిలు కట్టుకొని వచ్చేవారికి ఆ బాట వినోదమైంది. తెల్లవారుజామున విధులకు సైకిలు మీద వెళ్ళే కాపలాదారునికి, కార్యాలయాలను శుభ్రపరచడానికి నడిచివెళ్ళే స్త్రీకి దానివలన కలిగిన మేలు స్వల్పమే. అవసరం కొద్దీ నడిచేవారిని మరచి వేసే బాట ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమేనని నా అభిప్రాయం.

దీనికి ఉపమానం మన నేలలోనే ఉంది. దక్కను పీఠభూమిలో పూర్వులు గొలుసుకట్టు చెరువులు త్రవ్వించారు. ఒక చెరువు నిండితే అలుగు పారి క్రింది చెరువును చేరుతుంది. ఆ కాలువ పూడిపోతే రెండు చెరువులకూ నష్టమే. బాటల విషయంలోనూ అతుకే ప్రధానం. చిక్కంతా అక్కడే వస్తుంది. అతుకు ఎప్పుడూ ఇద్దరి హద్దుమీద ఉంటుంది. ఒక ప్రక్క నగరపాలక సంస్థ, మరొక ప్రక్క మెట్రో, ఆపైన పారిశ్రామిక సంస్థల ప్రాంగణాలు, చెరువు శిఖం భూములు. ఏ ఒక్క కార్యాలయమూ తనంతట తాను అతుకు వేయలేదు. భాగస్వామ్యం అవసరమయ్యేది ఇందుకే.

ఒకప్పుడు గోలకొండకు నీరందించిన దుర్గం చెరువు ఇందుకు కొంతవరకు నిదర్శనం. దాని పునరుద్ధరణలో నగరపాలక సంస్థతో కె. రహేజా కార్ప్ అనే ప్రైవేటు సంస్థ చేయి కలిపింది. ఒడ్డున నడకదారి వచ్చింది. 2020 సెప్టెంబరు 25న ఆ చెరువుపై తీగల వంతెన ప్రారంభమైంది. ఖాజాగూడ గుట్టల కథ వేరు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైటు శిలలవి. గుడి, దర్గా రెండూ ఆ గుట్టల నడుమనే ఉన్నాయి. 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' సభ్యులు పౌరులను వెంటబెట్టుకొని ఇటువంటి శిలల మధ్య నడకలు నిర్వహిస్తూ వచ్చారు. మనుషులు తరచుగా నడిచే చోటును ఆక్రమించడం అంత సులభం కాదు. నడక ఇక్కడ రక్షణ రూపం దాల్చింది.

విదేశానుభవం ఒకటి గమనింపదగినది. అమెరికాలో బెంటన్ మెకే 1921లో అపలేచియన్ పర్వతాల వెంట కాలిబాటను ప్రతిపాదించాడు. స్థానిక స్వచ్ఛంద సంఘాలు తలా కొంత భాగం భరించగా 1937 నాటికి అది పూర్తయింది. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. తొలినాళ్ళలో అది చాలాచోట్ల యజమానుల నోటిమాట అనుమతితోనే ప్రైవేటు భూములగుండా పోయేది. భూమి చేతులు మారితే బాట రోడ్డుమీదికి జరిగేది. 1968లో జాతీయ చట్టం వచ్చిన తరువాతనే దానికి స్థిరత్వం లభించింది.

సైబరాబాద్‌లోనూ ఏదో ఒక సంస్థ తన ప్రహరీని పది అడుగులు వెనుకకు జరుపుతానని ముందుకు వచ్చిందనుకుందాం. ఆ మాట కాగితం మీదికి రావాలి. బాటను ఊడ్చేదెవరు? దీపాల ఖర్చు ఎవరిది? వానకు నాలా పొంగి మట్టి కోసుకుపోతే పూడ్చేదెవరు? సంస్థ స్థలం అమ్ముకుంటే క్రొత్త యజమాని ఆ మాటకు కట్టుబడి ఉంటాడా? రాత్రి విధులు ముగించుకొని నడిచివచ్చే ఉద్యోగినికి గేటు తెరిచి ఉంటుందా, ఉండకపోతే తాళంచెవి ఎవరి వద్ద ఉంటుంది? శంకుస్థాపన తేదీ కంటె ముందు ఒప్పందపత్రంలో వ్రాయవలసినవి ఇవే.