కాళ్ళు పొడిగించే ముందు

మురమళ్ళ

చి. మేనల్లుడికి,

నువ్వు పంపిన బొమ్మల ఫోటోలు చూశాను. బల్ల మీద చందుర్తి యుద్ధం ఆడాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. అందరూ బొబ్బిలి యుద్ధం దగ్గరే ఆగిపోతారు. ఆ మరుసటి ఏడాది, 1758 డిసెంబరులో, గొల్లప్రోలు దాపుల పొలాల్లోనే ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేయి జారడం మొదలైంది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అక్కడ 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరింది గానీ, ఈ కోస్తా మీద వాళ్ళ అధికారానికి అసలు దెబ్బ తగిలింది చందుర్తిలోనే.

ఆ యుద్ధమంతా ఆకారం చూసి మోసపోవడం మీదే నడిచింది కదా. ఇంగ్లీషువాళ్ళ కల్నల్ ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను మాటున నిలబెట్టాడు. ఎర్రకోట్లు తొడుక్కున్న బెంగాల్ సిపాయిలను చూసి, వాళ్ళే ఇంగ్లీషు పటాలమనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దండు మీదపడింది. ఈలోగా అసలు తెల్లవాళ్ళు పక్కనుంచి కాల్చారు. కాబట్టి నీ బల్ల మీద సిపాయి దూరానికి ఎర్రకోటు సోల్జరులా, దగ్గరికొస్తే మనవాడిలా కనిపించాలి. ఆ సిపాయికి కోటు కింద పొట్టి చల్లడం, మోకాళ్ళ కింద బట్ట ఉండదు. పొడుగు మేజోళ్ళు తొడిగిన తెల్లవాడి కాళ్ళు ఎలా ఉన్నా చెల్లుతుందేమో గానీ, వీడి పిక్కలు దాగవు.

బొమ్మల తలకాయలు, చేతులు పెద్దవి, కాళ్ళు పొట్టివి అన్న నీ ఫిర్యాదు నిజమే. అయితే అది చేతగాక చేసింది కాదు. బల్లకి అవతల నిలబడ్డవాడికి మొహం కనపడాలి. సన్నటి మణికట్టు, సన్నటి తుపాకీ గొట్టం అచ్చులోంచి సరిగా రావు, వచ్చినా విరుగుతాయి. ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ స్పేస్ మెరీన్ బొమ్మలదీ ఇదే కథ. ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి వాటి తొడలు కోసి, మధ్యన ప్లాస్టిక్ షీటు ముక్కలు పెట్టి ఎత్తు పెంచుకున్నారు. చివరికి 2017లో ఆ కంపెనీయే ప్రైమారిస్ పేరుతో పొడుగు మెరీన్లను దించింది.

ఇక పని. కత్తి పట్టకముందు స్కేలు పట్టు. మామూలు మనిషి ఎత్తు తన తలకి ఏడున్నర రెట్లు, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే. శిల్పుల తాళం కొలతతో దీన్ని కలిపెయ్యకు. వాళ్ళు నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి కొలుస్తారు, పైగా నవతాళం దేవతలకి. నీ బొమ్మ ఎత్తు 30 మిల్లీమీటర్లు, తల 5. ఏడున్నర తలలు కావాలంటే ముప్ఫైఏడున్నరకి సాగదియ్యాలి. అప్పుడు పక్కనున్న ఫిరంగి పిల్లల ఆటవస్తువైపోతుంది. అందుకని తలల లెక్క పక్కన పెట్టు. ఎదిగిన మనిషికి సగం ఎత్తు రమారమి కాళ్ళ చీలిక దగ్గర పడుతుంది. నీవాడికి చీలిక కింద 13 మాత్రమే ఉంది. రెండు మిల్లీమీటర్లు కలిపితే 32లో 15. చాలు, అంతకు మించి ఆశపడకు. తల బరువు తగ్గించాలంటే తలపాగాని పైనా పక్కలా ఆకురాయితో కాస్త అరగదియ్యి.

ఆ రెండు మిల్లీమీటర్లూ ఒకేచోట కలపొద్దు, మోకాలు తప్పుచోటికి పోతుంది. ఒకటి తొడ మధ్యలో, ఒకటి పిక్క కింద. తొడ అతుకు చల్లడంలో కలిసిపోతుంది. కింది అతుకు మీదే నీ ఓపికంతా పెట్టాలి. కోత ఎముకకి అడ్డంగా, లంబంగా పడాలి, నేలకి సమాంతరంగా కాదు. కంసాలి వాడే సన్న రంపం దీనికి శ్రేష్ఠం. రంపం తినేసిన మందం కూడా లెక్కలో కలుపుకో, లేకపోతే మిల్లీమీటరు పెట్టి అరే దక్కించుకుంటావు. నడక భంగిమలో ఉన్న బొమ్మతో మొదలెట్టకు. కాలు పొడుగయ్యేకొద్దీ అంగ కూడా పెరిగి పాదాలు పీట దాటిపోతాయి.

మధ్యన పెట్టే షీటు పాలీస్టైరీనే కావాలి. అనుమానమొస్తే ముక్కని సబ్బు చుక్క కలిపిన నీళ్ళలో ముంచి వదులు. పాలీప్రొపిలీన్ తేలుతుంది, దానికి ప్లాస్టిక్ సిమెంటు పట్టదు. మునిగినంత మాత్రాన నమ్మెయ్యకు, రెండు తుంపులు అతికించి లాగి చూడు. కత్తితో రెండుసార్లు గీసి వంచితే తిన్నగా విరుగుతుంది, తెగేదాకా కొయ్యనక్కర్లేదు. ముక్కని కాలి కన్నా కాస్త పెద్దగానే ఉంచి, ప్లాస్టిక్ సిమెంటు పల్చగా రాసి, రాత్రంతా వదిలెయ్యి. ఈ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది. ఎక్కువ పోస్తే లోపల మెత్తబడి కాలు వంకరపోతుంది. ఆరాకే అరగదియ్యి. సందులకి ఎమ్‌సీల్, తడివేలితో. కిటికీ తీసి ఉంచు, అరగదీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో. లోహపు బొమ్మలకైతే ఈ జిగురు పనికిరాదు. సన్న రాగితీగ గుచ్చి ఫెవిక్విక్ వెయ్యాలి. మన వానాకాలపు తేమలో అది చప్పున పట్టేస్తుంది గానీ చుట్టూ తెల్లటి పొగపూత వదులుతుంది, రంగు వేసేముందు తుడిచెయ్యి.

తుపాకీని మర్చిపోతావేమో. దాన్ని నేల మీద ఆనించి నిలబడ్డవాడి కాళ్ళు పొడిగిస్తే తుపాకీ మడమ గాల్లోకి లేస్తుంది. ఆ కాలపు బ్రౌన్ బెస్ అయిదడుగులు దాటిన తుపాకీ, మనిషికి ఇంచుమించు కళ్ళ దాకా వచ్చేది. దానికీ ముక్క వెయ్యాల్సిందే.

పిక్క ఆకారానికి పుస్తకాలు వెతక్కు. సంక్రాంతికి ఇక్కడికొచ్చినప్పుడు కొబ్బరి దింపు తీసేవాళ్ళనీ, కాయ వలిచేవాళ్ళనీ వెనకనుంచి చూడు. పిక్క ఉబ్బు పైభాగంలోనే ఉంటుంది, మడమకి చాలా ఎగువనే సన్నబడిపోతుంది. బొమ్మలు చేసేవాళ్ళు దాన్ని మధ్యకి దించేస్తారు. నువ్వు కలిపే మిల్లీమీటరు సన్నటి భాగంలోకి వెళ్తేనే కాలు కాలులా ఉంటుంది.

పటాలమంతా ఒకేసారి కొయ్యకు. ఒక్క సిపాయిని పూర్తిచేసి, ముట్టుకోని బొమ్మనీ ఫిరంగినీ పక్కన పెట్టి, ఎదురుగా ఒకటి, వెనకనుంచి ఒకటి ఫోటో తీసి పంపు. అవి చూసి నేను జాబు రాసేదాకా మిగతావాటి మీద రంపం పెట్టకు.

ఇట్లు,
నీ మామయ్య