పోయింది రాబట్టాలన్న ఆరాటమే జబ్బు

సాయీ,

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు పోయే పిల్లలు రమ్మీలోనో క్రికెట్ బెట్టింగుల్లోనో మునిగారంటే పెద్దలు మొదట అడిగేది ఎంత పోయిందనే. నువ్వూ అప్పు తీరితే చాలు, మానేస్తానంటున్నావు. నాకు అది తలకిందుల లెక్కలా ఉంది. పోయిన సొమ్మును ఆటలోనే రాబట్టాలన్న ఆరాటమే అసలు జబ్బు. అది అలాగే ఉండగా అప్పు తీర్చడమంటే ఇంకో అప్పుకు చోటు చేసివ్వడమే. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చింది. పోగొట్టుకున్నది దక్కించుకోవడానికి మర్నాడే మళ్లీ కూర్చోవడం, ఎంత ఆడుతున్నదీ ఇంట్లో దాచడం వాళ్లు చెప్పిన లక్షణాల్లో ఉన్నాయి. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని కట్టిపడేస్తుంది. ‘ఒక్క ముక్క పడుంటే షో కొట్టేవాణ్ణి’ అనుకుంటావు చూడు, ఓడినా గెలుపు అంచుదాకా వెళ్లినట్టు మెదడు సంబరపడి ఇంకో ఆటకు తొందరపెడుతుంది.

రమ్మీ నైపుణ్యమున్న ఆటని సుప్రీంకోర్టే అందిగా అంటావు. నిజమే, 1967లో, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. కానీ కోర్టు చూసింది ఆట స్వభావాన్ని. అర్ధరాత్రి లోన్‌యాప్ డబ్బుతో ఆడేవాడి మనసును కాదు. ఎంత నేర్పరైనా పోయినదాని వెంట పడ్డాక ఆడేది చెయ్యి కాదు, కసి. పోనీ, నిషేధం ఉంది కదా అనుకుందామా? తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. చట్టం అంగడి మూయిస్తుంది. దొంగదారి లింకు వెతికే వేలిని పట్టుకోలేదు.

అందుకే వైద్యం కావాలి. ‘ఈసారి తగులుతుంది’ అనే ఆలోచనను పట్టుకుని ప్రశ్నించడం, కోరిక పుట్టిన ఆ కాసేపు ఎలా దాటాలో నేర్పడం దీనికి బాగా పనిచేస్తున్న పద్ధతి. అవసరమైతే డాక్టరు మందూ ఇస్తారు. మనోబలం చాలదా అంటారు కొందరు. చాలితే ఇన్నిసార్లు ఒట్టు పెట్టుకునే పని ఉండేదా? మానాక మళ్లీ ఒకసారి జారినా వైద్యం ఆపకు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లు, ‘పిచ్చాసుపత్రి’ అని నవ్వేవాళ్లను నవ్వనీ. ఎల్బీ నగర్ నుంచి వచ్చే మెట్రో దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే మారకుండా అక్కడే దిగొచ్చు. అంతదాకా కాళ్లు రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడు, పైసా ఖర్చు లేదు. బతకాలనిపించకపోతే మాత్రం ఏ వేళైనా సరే, ముందు ఆ నంబరుకు, వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

అప్పుల సంగతి తర్వాత కూర్చుని తేల్చుదాం. డబ్బు నీ చేతికివ్వను, ఇచ్చినవాళ్లకే కడతాం. ఈలోగా ఏటీఎం కార్డు అక్కకిచ్చెయ్, ఫోన్లో యూపీఐ తీసెయ్. మెస్ బిల్లు తనే కడుతుంది.

— చిన్నాన్న