సామాన్యుని సౌరభం

పాఠ్యభాగ ఉద్దేశం

పరిమళ ద్రవ్యం సంపన్నుల భోగవస్తువన్న అభిప్రాయం లోకంలో నేటికీ ఉంది. ఒకప్పుడు రాజాస్థానాలకే పరిమితమైన తీయని, వెచ్చని పరిమళం సామాన్యుని నిత్యజీవితంలోకి ఎలా వచ్చిందో, దాని వెనుక ఎవరి శ్రమ, ఎవరి మేధ ఉన్నాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ముక్కు గ్రహించే గుణమే గంధమని తర్కశాస్త్రం నిర్వచించింది. తెలుగువాడైన అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో గంధాన్ని సురభి, అసురభి అని రెండు విధాలుగా విభజించాడు. కంటికి కనిపించకపోయినా, చేతికి అందకపోయినా గంధం మనిషి మనసును క్షణంలో కదిలిస్తుంది. హిమాలయాలలో దారి తప్పిన ప్రవరుడికి ఆ నిర్జన ప్రదేశంలో ఒక స్త్రీ ఉన్నదని మొదట తెలిపింది రూపం కాదు, మాట కాదు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళాన్ని మోసుకొచ్చిన గాలి. పెద్దన 'మనుచరిత్ర' చదివినవారికి ఈ ఘట్టం సుపరిచితం.

అయితే ఆనాడు కస్తూరి, కర్పూరం ఎందరికి అందుబాటులో ఉండేవి? శ్రీనాథుడు 'హరవిలాసా'న్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సుగంధ ద్రవ్యాల వర్తకుడు. దూరదేశాల నుండి వచ్చిన చందనం, అగరు, కర్పూరం, పన్నీరు, కస్తూరి వంటివి కొండవీటి ప్రభువు కుమారగిరి రెడ్డి జరిపే వసంతోత్సవాలకు చేరేవి. ఆ ప్రభువుకు 'కర్పూర వసంతరాయలు' అనే బిరుదు కూడా వచ్చింది. సామాన్యులకు మాత్రం పేరంటంలో కాసింత గంధం, పెళ్ళిలో నాలుగు పన్నీటి చుక్కలు, జడలో పూలు, తలంటు తరువాత సాంబ్రాణి పొగ. వారి పరిమళం పండుగనాటిదే కాని ప్రతిదినం ధరించేది కాదు.

పరిమళ రచనను మన పూర్వులు శాస్త్రంగా భావించారు. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో 'గంధయుక్తి' అనే అధ్యాయాన్ని దీనికే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల నుండి నాలుగేసి ఎన్నుకొని కలిపితే 1820 మిశ్రమాలు ఏర్పడతాయని ఆయన లెక్క. గణితంలో సంయోగాలను అభ్యసించే విద్యార్థి ఈ సంఖ్యను స్వయంగా సరిచూసుకోవచ్చు. ద్రవ్యాలు కొద్దివే అయినా కూర్పు తెలిసినవాడు ఎన్నో పరిమళాలను సృష్టించగలడన్నది ఇందులోని సారం. వెల కంటే కూర్పు ముఖ్యమన్న సత్యం ఇక్కడే ఉంది.

గంధానికి రుచి లేదు, ఉష్ణోగ్రత లేదు. అయినా కొన్ని పరిమళాలను తీయనివనీ వెచ్చనివనీ అంటారు. ఈ మాటలు అనుభవం నుండి పుట్టినవి. బెల్లం పాకం, ఏలకులు, చందనం, సాంబ్రాణి ఇంటినీ, అమ్మ చేతినీ, చలికాలపు సాయంకాలాన్నీ తలపుకు తెస్తాయి. నిమ్మ, నారింజ వంటి వాసనలు త్వరగా ఆవిరైపోతాయి. తీయని వెచ్చని పరిమళాన్నిచ్చే పదార్థాలు నెమ్మదిగా ఆవిరవుతాయి కనుక ఒంటిమీద ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే పరిమళ నిర్మాతలు వాటిని పునాదిగా ఉపయోగిస్తారు.

ఈ కోవలో అగ్రస్థానం వెనిల్లాది. ఇది మెక్సికో ప్రాంతానికి చెందిన ఒక తీగజాతి మొక్క. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెంచివారు దీనిని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపానికి తెచ్చి నాటారు. తీగ పెరిగింది, పూసింది. కాని కాయలు కాయలేదు. దాని పుట్టింట పుప్పొడిని చేరవేసే తేనెటీగలు ఈ ద్వీపంలో లేవు. 1841లో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిసబాలుడు సన్నని పుల్లతో పూవులోని పలుచని పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్ది కాయలు కాయించాడు. నేటికీ తోటలలో వెనిల్లా పూలకు పరాగ సంపర్కం ఇలాగే చేతితో చేస్తున్నారు.

ఆ విద్య తోటల యజమానులకు సంపదను తెచ్చింది. దానిని కనుగొన్నవాడికి మాత్రం ఏమీ మిగలలేదు. 1848లో ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దయ్యాక అతనికి స్వేచ్ఛ, 'అల్బియస్' అన్న ఇంటిపేరు లభించాయి. 1880లో అతడు పేదరికంలోనే కన్నుమూశాడు. ప్రపంచానికి మాధుర్యాన్ని పంచినవాని బ్రతుకులో మాధుర్యం అత్యల్పం. ఏ సుగంధాన్ని ఆఘ్రాణించినా దాని వెనుక ఇటువంటి అజ్ఞాత హస్తాలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

ఒక్కొక్క పూవును చేతితో తాకవలసి రావడం వల్ల వెనిల్లా ఖరీదైన వస్తువుగానే మిగిలింది. దాని వెలను దించింది రసాయన శాస్త్రం. 1868లో విలియం పెర్కిన్ టోంకా గింజల తీయని వాసనకు మూలమైన 'కూమరిన్'ను ప్రయోగశాలలో తయారు చేశాడు. 1874లో జర్మనీకి చెందిన టీమన్, హార్మన్ అనే శాస్త్రవేత్తలు దేవదారుజాతి చెట్ల నుండి లభించే ఒక పదార్థంతో వెనిల్లా వాసనకు ప్రాణమైన 'వెనిలిన్'ను రూపొందించారు. 1889లో ప్యారిస్‌లో గెర్లాన్ సంస్థ విడుదల చేసిన 'జికీ' పరిమళంలో ఈ రెండూ చేరాయి. అదే సంస్థ 1925లో తెచ్చిన తీయని పరిమళానికి మొగలుల ఉద్యానం పేరు మీదుగా 'షాలిమార్' అని నామకరణం చేశారు. ఆ సీసాలు సంపన్నులవే. కాని వాటిలోని వెనిలిన్ కాలక్రమేణా చౌకై బిస్కట్టులోకి, ఐస్‌క్రీములోకి, చివరకు కొద్ది వందల రూపాయలకు దొరికే సెంటు సీసాలోకి వచ్చింది. మన సాంబ్రాణిలోనూ ఈ వెనిలిన్ స్వల్పంగా ఉంటుంది. అందువల్లనే కాబోలు, ఆ వాసన తెలుగువారికి కొత్తగా తోచదు.

ప్రయోగశాలలో పుట్టినదంతా నకిలీ అని కొందరు ఆక్షేపిస్తారు. చెట్టు నుండి వచ్చినా, ప్రయోగశాల నుండి వచ్చినా వెనిలిన్ అణువు ఒక్కటే. అయితే సహజమైన వెనిల్లాలో దానితోపాటు మరెన్నో పదార్థాలు ఉండడం వల్ల ఆ పరిమళానికి ఎక్కువ లోతు ఉంటుందన్నదీ నిజమే. మరొక సంగతి కూడా గమనించాలి. పూర్వం కస్తూరి కోసం మృగాలను వేటాడేవారు. నేడు ఆ వాసనను కృత్రిమంగా పొందే వీలుంది. ఒక జీవి ప్రాణం నిలిపిన కృత్రిమత్వం నింద్యం కాజాలదు.

సంప్రదాయ మార్గంలో తీయని వెచ్చదనాన్ని సామాన్యునికి చేరువ చేసింది అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఈ విద్యకు ప్రసిద్ధి. 'డేగ్' అనే రాగి పాత్రలో పూలు, నీరు పోసి, మూతను బంకమట్టితో బిగించి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా ప్రయాణించి 'భప్కా' అనే పాత్రలోని చందన తైలంలో చేరుతుంది. జాజికాయ, జాపత్రి, లవంగాలు, ఏలకులు మొదలైన ద్రవ్యాలతో చేసే 'షమామా' అత్తరు వెచ్చదనానికి పెట్టింది పేరు. హైదరాబాదు చార్మినార్ పరిసరాలలోని దుకాణాలలో అత్తరును చిన్న చిన్న సీసాలలో కొలిచి అమ్ముతారు. తులం కొనలేనివాడు రెండు మూడు మిల్లీలీటర్లతో తృప్తి పడవచ్చు. చిన్న కొలతే అత్తరును పేదవానికి అందించింది.

ఈ వృత్తికి నేడు గడ్డుకాలం వచ్చింది. చందన తైలం ప్రియం కావడంతో పలుచోట్ల దాని స్థానాన్ని ద్రవ పారఫిన్ వంటివి ఆక్రమించాయి. చౌకగా అమ్మడం దోషం కాదు. కృత్రిమాన్ని సహజమని చెప్పి అమ్మడమే దోషం. ఆ మోసం వల్ల కొనేవాడు ధనాన్ని, నిజాయితీగా కాచేవాడు బ్రతుకుతెరువును కోల్పోతారు. కనుక ఏది కొంటున్నామో అడిగి తెలుసుకోవడం వినియోగదారుని కర్తవ్యం.

నిత్యం ధరించే పరిమళానికి మితమే అలంకారం. స్నానానంతరం మణికట్టుకు ఒకటి రెండు చుక్కలు చాలు. కొన్ని ద్రవ్యాలు కొందరి చర్మానికి పడవు. మొదట కొద్దిగా రాసి చూసుకోవడం మంచిది. మన మండువేసవిలో తీయని వాసన అధికమైతే పక్కవారికి తలనొప్పి కలిగిస్తుంది. తరగతి గదిలోను, బస్సులోను గాలి అందరిదీ అన్న స్పృహ ఉండాలి.

పూలతో కూడిన నారకూ తావి అబ్బుతుందని సామెత. పరిమళం విలువ సీసా మీది ధరలో లేదు. అది వరాహమిహిరుని లెక్కలో, ఎడ్మండ్ బొటనవేలిలో, కన్నౌజ్ కార్మికుని పొయ్యి దగ్గర ఉంది. ఇందరి శ్రమ చుక్కగా మారి సామాన్యుని మణికట్టును చేరింది. ఆ చుక్క చౌకగా దొరికినంత మాత్రాన దానిని చేసిన చేతులు చౌకైనవి కావు.

కఠిన పదాలు – అర్థాలు

సౌరభం = సువాసన
సురభి = మంచి వాసన గలది
నిర్జనం = మనుషులు లేనిది
కీలాగ్రం = పూవులో పుప్పొడిని గ్రహించే భాగం
ఆఘ్రాణించు = వాసన చూచు
నింద్యం = నిందించదగినది
తావి = పరిమళం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. తీయని పరిమళం రాజాస్థానాల నుండి సామాన్యుని చేరిన క్రమాన్ని వివరించండి.
2. 'చౌకగా అమ్మడం దోషం కాదు' అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. వరాహమిహిరుని లెక్కలోని సారం ఏమిటి?
2. రీయూనియన్ ద్వీపంలో వెనిల్లా మొదట ఎందుకు కాయలేదు?
3. అత్తరు తయారీ విధానాన్ని తెలపండి.

సంధులు

రాజాస్థానం = రాజ + ఆస్థానం – సవర్ణదీర్ఘ సంధి
వసంతోత్సవం = వసంత + ఉత్సవం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి

సమాసాలు

బానిసబాలుడు = బానిస అయిన బాలుడు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
చందన తైలం = చందనం యొక్క తైలం – షష్ఠీ తత్పురుష సమాసం