గడ్డం, మీసం, చంపీ

ఢిల్లీలో చెట్టుకు అద్దం తగిలించి కూర్చున్న క్షురకుడు ‘దాఢీ బనానీ హై?’ అని అడిగితే తెలుగువారికి చిక్కు లేదు. మనమూ ‘గడ్డం చేయించుకొన్నాను’ అనే అంటాము. చిక్కు ఇంగ్లీషుతోనే. గడ్డం చేయడమంతా అక్కడ ‘షేవ్’ అనే ఒక్క క్రియలో ఇమిడిపోతుంది. ‘మేక్’ అన్న మాటతో పని లేదు. పైగా తెలుగులో వెంట్రుకలకూ గడ్డమే, అవి మొలిచే చోటికీ గడ్డమే. ఇంగ్లీషువారు మొదటిదానిని ‘బియర్డ్’ అనీ, రెండవదానిని ‘చిన్’ అనీ వేరుచేస్తారు. హిందీలోనూ దాఢీ వేరు, ఠోడీ వేరు.

మీసం ఉంచుకోదలచినవారు ‘క్లీన్ షేవ్’ అనరాదు. గడ్డంతోపాటు మీసమూ పోతుంది. ‘మూఛ్ రహనే దీజియే’ అని ముందే చెప్పడం క్షేమం.

చివరగా అతడు ‘చంపీ?’ అంటే తెలుగు చెవి ఉలిక్కిపడుతుంది. అడిగినది తలమర్దన గురించి మాత్రమే. అదిమి మర్దించడమనే అర్థంగల ‘చాంప్నా’ అనే హిందీ క్రియ నుండే 18వ శతాబ్దిలో ఇంగ్లీషువారు ‘షాంపూ’ను గ్రహించారు. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్, ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల నడిపి ఆ మాటకు ప్రసిద్ధి తెచ్చాడు. అప్పటికి దాని అర్థం మర్దనమే. తలంటు అర్థం 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చి చేరింది.